ఆ బేకరీలో గోధుమకు చోటు లేదు!
బేకరీలో అద్దం వెనకున్న రొట్టెల్లో నచ్చింది చూపించి 'ఇది కావాలి' అనడం... సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలకు తీరని ముచ్చటే. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ వాళ్ల చిన్నపేగును దెబ్బతీస్తుంది. గోధుమ రొట్టె కోసిన కత్తి తగిలినా ముప్పే! అందుకే పారిస్ వెళ్లే అలాంటి కుటుంబాలు 11వ వార్డులోని 'షాంబెలాన్'ను వెతుక్కుంటూ వెళ్తాయి. 2014లో తెరిచిన ఈ బేకరీ గోధుమపిండి జోలికే పోదు. ప్రోవాన్స్‌లోని సొంత మిల్లులో పట్టించిన బియ్యప్పిండే దీనికి ఆధారం. మన అరిసెల పిండికి చుట్టమన్నమాట!

గ్లూటెన్ లేని పిండి సాగదు. కాబట్టి పొడవాటి బాగెట్‌లా చుట్టడం కష్టం. అచ్చుల్లో కాల్చిన రొట్టెలు చూడ్డానికి ఇటుకల్లా ఉంటాయి, కోస్తే లోపల మెత్తగా, తేమగా. పాలు, గుడ్లు పడనివారు మాత్రం అడిగే కొనాలి. ఇక్కడ లేనిది గ్లూటెన్ మాత్రమే.