నాన్నగారి హోటలూ, జెద్దా కోడీ

మేము డాక్టర్లం గనుక సంపాదకులు ప్రతి సంచికకూ మధుమేహం గురించో, రక్తపోటు గురించో రాయమంటారు. ఇదివరకు రెండుసార్లు రాశాం. చదివినవారంతా బాగుందన్నారు, ఆ ఉగాది భోజనాల్లోనే బొబ్బట్లు మూడేసి లాగించారు. అందుచేత ఈసారి హితబోధ మానుకుని, మేము కూడా లాగించే ఒక వస్తువును గురించి రాస్తున్నాం. జెద్దాలో వున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అల్ బైక్ కోడి.

మేము 2017లో జెద్దాలో దిగాం. మొదటి నైట్ డ్యూటీనాడు రాత్రి ఒంటిగంట వేళ నర్సులు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. నాలుగు కోడి ముక్కలు, ఒక బన్ను, బంగాళాదుంప వేపుడు, చిన్న డబ్బాలో తెల్లటి వెల్లుల్లి ముద్ద. మరునాటి ఉదయానికి కూడా మా స్టెతస్కోపు వెల్లుల్లి వాసన వేస్తూనే వుంది. తరవాత వారం మేమే వెళ్ళి వరసలో నిలబడ్డాం. అప్పట్లో హోటళ్ళలో మగవాళ్ళకొక ద్వారం, కుటుంబాలకొక ద్వారం విధిగా వుండేవి. 2019 డిసెంబరులో ఆ నిబంధన ఎత్తేశారు. ఏ ద్వారమైనా జనం మాత్రం ఒకటే. రియాదు శాఖలు రాకముందు, జెద్దా నుంచి అక్కడికి పోయే విమానాల్లో ఈ పొట్లాలు సామానుతోపాటు ఎక్కేవి. ఇంటికి పోతూ పిల్లలకు పూతరేకులు కట్టించుకుపోయినట్టన్నమాట.

ఈ హోటలు కథ మాకు చెప్పినవాడు మా పక్క గది సర్జను, జెద్దావాడే. 1973 చివర చమురు ధర నాలుగింతలై, ఊరు ఊరంతా కట్టుబడిలో వున్న రోజులు. 1974లో షకూర్ అబూ ఘజాలా అనే ఆయన అమెరికా నుంచి ఒక కొత్త పద్ధతి తెచ్చి ఇక్కడ కోడి హోటలు తెరిచాడు. మూత బిగించిన పాత్రలో, ఒత్తిడిలో, నూనెలో వేయించడం. దీని కిటుకు మన ఆటోక్లేవుదే. చదరపు అంగుళానికి 15 పౌనుల ఒత్తిడి పెడితే నీరు నూరు డిగ్రీల దగ్గర మరగక 121 దాకా ఓపిక పడుతుంది గదా. ఇక్కడా అంతే, కోడిలోని నీరు ఆవిరై పోకుండా లోపలే వుండి మాంసాన్ని ఉడికిస్తుంది, పైన నూనె పెళుసు చేస్తుంది. మనం కత్తెరలు శుద్ధి చేసుకునే సూత్రంతో ఆయన ఊరికి భోజనం పెట్టాడు.

హోటలు పెట్టిన రెండేళ్ళకే, 1976లో, ఆయన కేన్సరుతో పోయాడు. కొత్త వ్యాపారం, కాలేజీ వయసు పిల్లలు. మామూలుగా కథ అక్కడ ముగుస్తుంది. కాని కొడుకులు ఇహ్సాన్, రామి ఆ గల్లాపెట్టె దగ్గరికే వచ్చారు. పెద్దవాడు పారిస్ పోయి ఆహారం తయారుచేసే విద్య నేర్చుకువచ్చాడని చెబుతారు. 1980లలో పద్దెనిమిది దినుసుల మసాలా కుదిరింది, అల్ బైక్ అన్న పేరూ ఆ దశాబ్దిలోనిదే. చాలాకాలం జెద్దా, మక్కా, మదీనాల చుట్టూనే వుండి, 2020 చివర బహ్రెయినుకీ, 2021లో దుబాయికీ పోయారు. మసాలా పాళ్ళు మాత్రం ఇంటిగుట్టే.

పాళ్ళు దాచడమంటే ఇంకొకటి గుర్తొస్తున్నది. 2019లో సెలవుకు అమెరికా పోతే మా మేనమామ కొడుకు ఫ్లారిడాలో మమ్మల్ని మై-కై అనే హోటలుకు తీసుకుపోయాడు. బయట కాగడాలు, లోపల జలపాతాలు, పళ్ళికిలించిన కొయ్యదేవుళ్ళు, పసిఫిక్ దీవుల నాట్యాలు. టీకీ హోటలంటారట. షికాగో నుంచి వచ్చిన థార్న్‌టన్ అన్నదమ్ములు 1956లో పెట్టారు. పెట్టేటప్పుడు డాన్ ది బీచ్‌కోంబర్ అనే ఇంకో పేరుమోసిన హోటలు నుంచి వంటవాణ్ణీ, మరియానో లికుడీన్ అనే ఫిలిప్పీనో పానీయాల మాస్టరునీ పట్టుకొచ్చారు. ఆ పాత యజమాని తన సీసాల మీద పేర్లు రాయక అంకెలు వేసేవాడట, కలిపేవాడికి కూడా ఏం కలుపుతున్నాడో తెలియకుండా. అన్నదమ్ముల్లో బాబ్ 1989లో పోయినా, అక్కడ నాట్యకత్తెగా చేరిన తాహితీ దీవి అమ్మాయి, ఆయన భార్య మిరేయ్, ఆ నాట్యాలు తీర్చిదిద్దుతూనే వచ్చింది. 2020 అక్టోబరు వానలకు కప్పు కూలి మూతపడింది. కొత్త భాగస్తులు చేరి, నాలుగేళ్ళ తరవాత, 2024 నవంబరులో మళ్ళీ తెరిచారు. (మేము తాగింది పండ్లరసమే. సౌదీ అలవాటు.)

మాకూ ఒక హోటలు వుండేది. తెనాలిలో, రైలుస్టేషనుకు నడిచిపోయేంత దూరంలో. తాతగారు పెట్టారు, బోర్డు మీద మా నాయనమ్మ పేరు. నాన్నగారు నడిపారు. నాన్నగారంటే మాలో ఒకరికి తండ్రి, ఒకరికి మామగారు, ఇద్దరమూ అలాగే పిలుస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి పెనం వెలిగేది. మొదటి పెసరట్టు బండి దిగే పాలవాళ్ళకు. మాస్టర్లు మారేవారు, సప్లయర్లు మారేవారు, అల్లప్పచ్చడి మాత్రం మారేది కాదు, ఎందుకంటే అది నాన్నగారే కలిపేవారు, ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. మెడికల్ కాలేజీ ఫీజులు ఆ గల్లాపెట్టెలోంచే వచ్చాయి, పది రూపాయల నోట్ల కట్టలుగా. కాలేజీ గుమాస్తా ఆ కట్టల్ని లెక్కపెట్టలేక విసుక్కుంటే మాకు సిగ్గేసింది. నోట్లకు కొబ్బరిచట్నీ వాసన కూడా వుండేది.

2020 మార్చిలో అందరిలాగే షట్టరు దించారు. ఆ శరదృతువులో ఒకరోజు ఫోను చేశారు. మేమిద్దరం కోవిడ్ వార్డుల్లో వున్నాం, మాట్లాడే తీరికా లేదు, ఓపికా లేదు.

"ఏం చెయ్యమంటార్రా? తియ్యమంటారా, మూసెయ్యమంటారా? మాస్టరు వస్తానంటున్నాడు."

"మూసెయ్యండి నాన్నగారూ. మీ వయసేమిటి, సుగరేమిటి, ఆ జనమేమిటి."

ఆయన "సరే" అన్నారు. వారంలోపు పెనాలు, గ్రైండర్లు ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వుంది.

మేము చెప్పిన కారణం వైద్యపరంగా నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఆ రోజుల్లో ఎంతోమందికి అదే చెప్పాం. కాని అదొక్కటే కారణం కాదు. ఆయన మళ్ళీ తెరిస్తే ఎప్పటికో ఒకప్పటికి మాలో ఎవరో వెళ్ళి ఆ కుర్చీలో కూచోవలసి వస్తుందేమోనని లోపల ఒక భయం వుండేది. దాన్ని మేము ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు, ఈ మధ్యదాకా.

2022 చలికాలంలో నాన్నగారూ, అమ్మా విజిట్ వీసా మీద వచ్చారు. చూపించవలసినవన్నీ చూపించాం, సముద్రపు ఒడ్డు, ఫౌంటెన్, బలద్‌లోని పాత చెక్క కిటికీల మేడలు. ఆయనకు పెద్దగా ఆనలేదు. ఒక రాత్రి పిల్లల గొడవ పడలేక అల్ బైక్ ముందు కారు ఆపాం. ఆయన శాకాహారి, కారులో వుంటారనుకుంటే దిగి వచ్చి ఒక పక్కగా నిలబడ్డారు. అరగంట నిలబడ్డారు. పొట్లాలెన్ని పోతున్నాయో, ఒక్కొక్కడూ ఎంతసేపట్లో కదులుతున్నాడో, నేల ఎన్నిసార్లు తుడుస్తున్నారో చూశారు. కౌంటరు కుర్రవాడు చిల్లర ఇచ్చే వేగం చూసి తల పంకించారు.

తిరిగి వస్తూ మేము షకూర్ కథ చెప్పాం, కొడుకుల సంగతితో సహా. చెబుతూనే, ఎందుకు మొదలుపెట్టామా అనిపించింది. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నారు. చాలాసేపటికి ఒకటే అడిగారు.

"ఆ పెద్దబ్బాయి చదువు మధ్యలో మానేసి వచ్చాడా, పూర్తిచేసుకునే వచ్చాడా?"

పూర్తయ్యాకే అన్నాం. నిజానికి ఆ సంగతి మాకు సరిగ్గా తెలియదు.

"అయితే మంచిదే," అన్నారు.

వాళ్ళు వెళ్ళిపోయే ముందు శుక్రవారం అల్లప్పచ్చడి చేసి చూపించమని అడిగాం. ఆయన ముందు నవ్వి, తరవాత చొక్కా చేతులు మడిచారు. అల్లం ఇక్కడి కూరగాయల బజారుదే, చింతపండు తెనాలిది, ఎండుమిరపకాయలు అమ్మ సామానులో వచ్చినవి. ఆయన గుప్పెళ్ళతో కొలిచి గిన్నెలో వెయ్యబోతుంటే మేము చెయ్యి పట్టుకు ఆపి, వంటింటి తూకంలో పెట్టి, గ్రాములు పుస్తకంలో ఎక్కించాం. డాక్టర్లు గదా, మందుచీటీలాగే రాశాం.

"ఆ అంకెలు పనికిరావు. అల్లం ప్రతి బజారుకీ ఒక్కో ఘాటు," అన్నారు.

అయినా ఎక్కించాం. అల్లం ఇంత, మిరపకాయలు ఇంత, చింతపండు ఇంత, ఉప్పు ఇంత. బెల్లం దగ్గరికి వచ్చేసరికి ఆయన కొద్దికొద్దిగా నాలుగుసార్లు వేసి, రుచి చూసి, ఇంకొంచెం గిల్లి వేశారు. తూకంలో పెట్టనివ్వలేదు. ఎంత రాయమంటారని అడిగితే "చూసుకుని" అన్నారు.

పుస్తకంలో అలాగే రాసుకున్నాం.