పాత జీపుకు ఇంటి వైద్యం

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్తుంటే బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్ వస్తుంది. తిరుపతి నుంచి మదనపల్లె దారి పడితే భాకరాపేట ఘాట్. ఈ దారుల పక్కన ఏ మామిడితోటలోకి తొంగిచూసినా రేకుల షెడ్డు కిందో, చింతచెట్టు నీడనో ఓ పాత జీపు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. రంగు వెలిసి, టాపు చిరిగి... చూడ్డానికి తుక్కులానే ఉంటుంది. వానాకాలంలో వంక పొంగినప్పుడు చూడాలి దాని సత్తా!

ఈ సీమకూ జీపుకూ చుట్టరికం పాతదే. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపు యుద్ధభూముల్లో తిరుగుతున్న రోజులవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా సంస్థ దాన్ని మనదేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు తిరుపతిలో యాత్రికుల్ని ‘కొండకు... కొండకు’ అంటూ పిలిచినవాళ్లలో జీపులవాళ్లూ ఉండేవారు. అయితే నాలుగు చక్రాలూ లాగే అసలు సిసలు ‘ఫోర్ బై ఫోర్’ బండి సంగతి వేరు. అడవీ, తోటా, రాళ్లబాటా- అదీ దాని లోకం.

ఆ బండిలో గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు శక్తినిస్తుంది. రెండోది వేగం తగ్గించి బలం పెంచుతుంది. తెలియనివాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడవాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద ఆ వీలుండదు. లోపల షాఫ్టులు బిగుసుకుంటాయి, రాడ్డు ఎంత లాగినా రాదు. బండిని కొద్దిగా వెనక్కి నడిపితే చాలాసార్లు ఆ బిగువు వదులుతుంది. సుత్తి పట్టుకున్నారో, ఖర్చు తప్పదు.

అలాగని ముందు చక్రాలను అసలు వాడకపోవడమూ మంచిది కాదు. డీజిల్ కలిసొస్తుందని ముందు షాఫ్టు విప్పి మూలన పడేసినవాళ్లున్నారు. బురదలో దిగబడ్డ రోజున గానీ దాని విలువ తెలియదు. నెలకోసారైనా మెత్తటి నేల మీద కాసేపు ‘ఫోర్ బై ఫోర్’లో నడిపితే లోపలి పళ్లకు ఆయిల్ అందుతుంది.

ఇంటి దగ్గర చేసుకునే పనులకు పెద్ద షెడ్డు అక్కర్లేదు. జాకీ, పానాలు, గ్రీజు గన్, ఓ ఆదివారం ఉంటే చాలు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. టకటకమంటే బేరింగు వదులైందనుకోవచ్చు. చక్రం వెనక బంతిలా ఉండే భాగం నుంచి గ్రీజు కారుతోందంటే సీలు పోయినట్టే. కారింది డ్రమ్ములోకి చేరితే బ్రేకులు పట్టవు. ఘాట్‌లో దిగేటప్పుడు అంతకంటే ప్రమాదం ఉందా? ఇక వంక దాటొచ్చాక హౌసింగు బిరడా విప్పి ఆయిల్ చూడాలి. వేడి మీదున్న హౌసింగు నీళ్లలో దిగి చల్లబడగానే లోపలికి గాలిని పీలుస్తుంది. గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీటినే లాగేస్తుంది. ఆయిల్ పాలరంగుకి మారిందంటే మార్చాల్సిందే. పుత్తూరు కట్టు ఎముకలకే గానీ, నీళ్లు తాగిన క్రౌన్ పినియన్‌కు పనిచేయదు మరి!

ఇంతకాలం ఈ బండ్లు బతికింది ఇలాంటి ఓపికతోనే. కొన్నిటికి ‘గుండె’ మార్పిడీ జరిగింది. ఎక్కువ తాగే పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ బిగించారు. అప్పట్లో బండిని కాపాడిన ఆ పనే ఇప్పుడు అడ్డొస్తోంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి ‘వింటేజ్’ గుర్తింపు దొరుకుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదన్నది షరతు. పోనీ దొరికినా, ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకే తప్ప రోజువారీ పనికి వాడకూడదు. కాయల బుట్టలు మోయని జీపు రైతుకెందుకు?

మిగిలింది మామూలు దారి. 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. రూ.600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలైంది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో దాన్ని రూ.10 వేలకు పెంచారు. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి పొడిగింపే లేదు. శాఖల వేలంపాటలో జీపు కొని తోటకు తెచ్చుకునే కాలం అలా చెల్లిపోయింది. పోతే మళ్లీ దొరకదు కాబట్టి, ఉన్నదాన్నే ఏటా తొలకరికి ముందు జాకీ మీదికెక్కించి నాలుగు చక్రాలూ విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టుకుంటున్నారు.