మా ఊరి కోడలి కోట

నిడదవోలు వాళ్ళకి ఒక పాత గర్వం ఉంది. కాకతీయ రుద్రమదేవి తమ ఊరి కోడలని. అది ఉత్త మాట కాదు. గణపతిదేవుడు తన కూతుర్ని నిడదవోలు చాళుక్యుల బిడ్డ వీరభద్రుడికే ఇచ్చి పెళ్ళి చేశాడు. అయితే మా అమ్మకి ఈ చుట్టరికం చరిత్ర పుస్తకంలోంచి తెలియలేదు. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నవలలోంచి తెలిసింది.

1957లో అమ్మకి పదిహేనేళ్ళు. బడి మానిపించి సంబంధాలు చూస్తున్నారు. పక్కింటి పెద్దమ్మగారు ఆ నవల ఎవరి చేతనో గ్రంథాలయం నుంచి తెప్పించారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నలుగురు ఆడవాళ్ళు చేరేవారు. ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు వత్తులు చేస్తూ వింటుంటే అమ్మ పైకి చదివేది. అన్నాంబిక పెళ్ళిపందిట్లోంచి గన్నారెడ్డి పెళ్ళికొడుకునే ఎత్తుకుపోయిన ఘట్టం వచ్చేసరికి, చేటలో బియ్యం చేటలోనే ఉండిపోయాయిట.

“అదృష్టవంతురాలు!” అన్నదిట ఒకావిడ.

ఎవరూ నవ్వలేదుట.

మరుసటి ఏడు అమ్మ పెళ్ళి జరిగింది. దాన్ని ఆపడానికి ఏ గన్నారెడ్డీ రాలేదు. నాన్నగారు మంచివారే. కాని ముగ్గురు పిల్లల్నీ, నాలుగెకరాల చేనునీ, దానిమీద ఒక కోర్టు దావానీ అమ్మ చేతిలో పెట్టి ముప్పై ఎనిమిదో ఏటనే పోయారు. కౌలుదారులతో మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు అమ్మ కొంగు బిగించి, “రుద్రమ్మ పేరోలగానికి వెళ్ళొస్తాను” అనేది. మాకు అది వేళాకోళంగా ఉండేది. ఆవిడకి కాదని చాలా ఏళ్ళకి తెలిసింది.

మొన్న చలికాలంలో, ఎనభై దాటిన అమ్మ ఉన్నట్టుండి అడిగింది: “ఒరేయ్ అబ్బాయ్, ఓరుగల్లు చూపించవూ?”

రాత్రి రైలెక్కితే తెల్లవారకుండానే వరంగల్లులో దిగాం. మొహాలు కడుక్కుని, ఇడ్లీలు తిని, ఆటో మాట్లాడుకున్నాం. దారిపొడుగునా నాకు ఒకటే భయం. 1323లో ఢిల్లీ సేనలు ఈ కోటని పట్టుకున్నాయి. ప్రతాపరుద్రుడితో కాకతీయుల కథ ముగిసింది. రాజభవనం లేదు, సింహాసనం లేదు. అరవై ఏళ్ళకు పైగా అమ్మ మనస్సులో కట్టుకున్న నగరం అక్కడి రాళ్ళకి తగిలి పగిలిపోతుందేమో!

ముందు మట్టికోట, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. రాతిగోడ పని గణపతిదేవుడు సాగించాడనీ, దాని ఎత్తు పెంచి బయట మట్టికోట పోయించింది రుద్రమేననీ అంటారు. కోట లోపల ఇప్పటికీ ఊరుంది. ఇళ్ళముందు ముగ్గులున్నాయి. గోడపక్కన మేకలు మేస్తున్నాయి.

నడిమధ్యని ఆ నాలుగు తోరణాలు! బొమ్మల్లో చూడనివారుండరు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రపు చిహ్నంలోనూ చేరిందా తోరణం. కాని దాని కింద నిలబడి, మెడ పూర్తిగా వెనక్కి వాల్చి, పైనున్న రాతి హంసల్ని చూస్తేగాని దాని ఠీవి తెలియదు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు నిలిచాయి. అవి కాపాడవలసిన స్వయంభూదేవుడి గుడి మాత్రం కూలిపోయింది. విరిగిన స్తంభాలు, తామరపూలు చెక్కిన కప్పురాళ్ళు, చెదిరిన నందులు నేలమీద పరిచి ఉన్నాయి.

అమ్మ ఒక స్తంభం ముక్కమీద కూచుంది. నేను మాట్లాడలేదు.

“ఇదిగో, ఇటునుంచి వచ్చేవాళ్ళన్నమాట సామంతులు,” అంది కాసేపటికి. “రుద్రదేవుడనుకుని దణ్ణాలు పెట్టేవాళ్ళు. ఎదురుగా ఉన్నది ఆడపిల్లని వీరభద్రుడికొక్కడికే తెలుసు.”

నాకు నవ్వూ వచ్చింది, గొంతుకూ పట్టుకుంది. పగిలిపోతుందనుకున్న నగరం చెక్కుచెదరలేదు. పైగా రాళ్ళే దాన్ని నిలబెడుతున్నాయి.

అప్పుడు నాకనిపించింది. శాసనాలు రుద్రమని రుద్రదేవ మహారాజని మగపేరుతో కీర్తించాయి. దానాలు చెప్పాయి, బిరుదులు చెప్పాయి. అంత కిరీటం కింద ఆడపిల్ల గుండె ఎలా కొట్టుకుందో మాత్రం రాయి చెప్పదు. ఆ ఖాళీలోనే నవలా రచయిత దీపం పెడతాడు. చారిత్రక నవల చదివి మనం కంట తడి పెట్టేది తేదీల కోసం కాదు. మనలాంటి మనస్సే ఆనాడూ ఉండేదన్న భరోసా కోసం. ఈ ఆలోచనకి నాలో నేనే మురిసిపోయాను.

కాని నేను అమ్మకి చెప్పని సంగతి ఒకటుంది. ఆవిడ నవల పెళ్ళిళ్ళతో సుఖాంతమైంది. చరిత్ర అలా ముగియలేదు. దాచిపెట్టి ఇంటికి తీసుకుపోదామనుకున్నాను.

అక్కడే తిరుగుతున్న ఒక పెద్దాయన, బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకున్నారట, అమ్మ మాటలు విని దగ్గరికొచ్చారు. నిడదవోలు అని తెలియగానే ఆయన మొహం వికసించింది.

“గట్లయితే మీరు చుట్టాలే! చందుపట్ల పోయిన్రా అమ్మా?”

నేను సైగ చేసేలోగానే ఆయన చెప్పేశారు. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల. అక్కడ 1289 నవంబరు 27 నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందారని అది చెబుతుంది. తిరగబడ్డ కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ పోయారని చరిత్రకారులు భావిస్తారు. 1262 నుంచి ఇరవై ఏడేళ్ళు ఏలిన రాణి. మనవడు రాజ్యానికి వచ్చే వయసులో తాను యుద్ధభూమికి వెళ్ళింది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. హంసలకేసి చూస్తూ కూచుంది.

“ఆ వయసులోనా!” అంది చివరికి. “ఆ రాయి ఎవరు వేయించారండీ?”

“పువ్వుల ముమ్మడి అని ఒక బంటు. తన దొరలకు పుణ్యం రావాలని సోమనాథదేవునికి భూమి ఇచ్చిండు.”

“బంటా!” అమ్మ కళ్ళు తుడుచుకుంది. “రాజులు కాదు, చుట్టాలు కాదు. కూడా ఉన్నవాడు గుర్తుపెట్టుకున్నాడన్నమాట.”

రాతికి గుండె లేదని అయిదు నిమిషాల క్రితం మురిసిపోయినవాణ్ణి. నాకు సిగ్గేసింది.

“నీకు ముందే తెలుసు కదూ?” అంది అమ్మ, నాకేసి తిరిగి.

“తెలుసమ్మా. బాధపడతావని...”

“పిచ్చి నాన్నా! పుస్తకం పెళ్ళితో ఆగిపోతుంది. ఆ తరవాతిది మాకు ఎవరూ రాసి పెట్టక్కర్లేదు. అయినా ఆ పుస్తకం లేకపోతే నేను ఆ కోర్టుమెట్లు ఎక్కేదాన్నే కాదురా.”

ఇంటికి ఫోను చేసి ఈ సంగతి చెబితే మా మనవరాలు, “గన్నారెడ్డి అంటే అల్లు అర్జున్ కదా తాతయ్యా?” అంది. 2015లో వచ్చిన సినిమా గుర్తు దానికి. అమ్మ ఫోను అందుకుని, “కాదే, ముందు నా దగ్గర కథ విను” అని మొదలుపెట్టింది. పెళ్ళిపందిరి దగ్గరికి వచ్చేసరికి అవతల అల్లరి ఆగిపోయింది.

మధ్యాహ్నం రైలుకి మాకు తిరుగు టిక్కెట్లున్నాయి. అమ్మ ఆటో ఎక్కబోతూ ఆగింది.

“చందుపట్ల ఎంత దూరంరా?”

“కారులో వెళ్ళాలమ్మా. నీకు శ్రమ.”

“అత్తవారి ఊరినుంచి ఇంతదూరం వచ్చి, ఆ మనిషిని ఆఖరిసారి పలకరించకుండా పోతామా?”

దారిలో ఒక మూర చేమంతిదండ కొంది. నేను టిక్కెట్లు రద్దు చేయించి, కారు మాట్లాడాను.