లార్డ్సు మైదానమున మా శునకము

లండను నగరమునందలి లార్డ్సు క్రికెట్టు మైదానము 1814 నుండి అచ్చటనే యున్నది. నేల యొకవైపునకు సుమారు 8 అడుగులు వాలియుండుట దాని వింత. సోదరీమణులారా, అచ్చటి ఆటను మేము మా సహాయ శునకముతో గూడ చూచి వచ్చితిమి.

మాకు మధుమేహము. చూచువారికి మేము ఆరోగ్యవంతులమే. రక్తమునందలి చక్కెర హఠాత్తుగా తగ్గినచో మాట తడబడును. ఒక్కొక్కప్పుడు స్పృహయు తప్పును. ఆ మార్పును మా శునకము వాసనచేతనే కనిపెట్టి ముట్టెతో మోకాలిని పొడుచును.

2010 నాటి సమానత్వ చట్టము ననుసరించి ఆ దేశమున ఇట్టి శునకములను సామాన్యముగా వాకిట నిలుపరాదు. అయినను వేరొక మైదానమున ద్వారపాలకుడు, "మీ కన్నులు బాగుగనే యున్నవి గదా, కుక్క యేల?" యని మమ్ము చాలసేపు ఆపెను. అందుచే ఈ పర్యాయము పొద్దుతిరుగుడు పూవులు గల ఆకుపచ్చ మెడపట్టీ ధరించితిమి. కానరాని వైకల్యమునకు గుర్తుగా 2016లో గాట్విక్కు విమానాశ్రయమున పుట్టిన యాచారమది. లార్డ్సులో ఒక్క ప్రశ్నయు లేదు.

ఆసనము క్రింద శునకము పండుకొనెను. ప్రక్కనున్న బాలిక దానిని ముద్దాడబోగా వలదంటిమి. కఠినముగ తోచవచ్చును, కాని పనిలో నున్నదానిని తాకినచో దాని దృష్టి చెదరును.

మధ్యాహ్నమున జనులందరును కేకలు వేయుచు లేచిరి. ఆ క్షణముననే ముట్టె మోకాలికి తగిలెను. చక్కెర బిళ్లలు నమలుచు తల వంచుకొని కూర్చుంటిమి. ఔటయినదెవరో పిదప ఆ బాలికయే మాకు చెప్పినది.