ఇంజిన్ ధర వేరు, రోడ్డెక్కే ధర వేరు

ఇంగ్లండులో సొంతంగా కిట్ కారు కట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. బాడీ, చాసిస్ ఒకచోట కొని, ఇంజిన్, గేర్‌బాక్సు లాంటివి ఏదో పాత కారు నుంచి తెచ్చి బిగిస్తారు. నేను కొన్నది ఎవరో సగంలో ఆపేసిన జీటీఎం లిబ్రా. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెండే సీట్లు, వాటి వెనక ఇంజిన్ అడ్డంగా కూర్చోవాలి. పూర్తయితే 700 కిలోల పైచిలుకు తూగుతుంది. ఇంటి లోను కిస్తీ, ఆరు నెలల ఇంటి ఖర్చుకని దాచిన సొమ్ము ముట్టుకోకుండా 6,000 పౌండ్లలో కారు రోడ్డెక్కాలని ఇంట్లో అనుకున్నాం. కిట్‌కి 2,400 పోయింది.

నా మనసంతా హోండా కే20 మీదే. సివిక్ టైప్ ఆర్‌లోని ఆ రెండు లీటర్ల ఇంజిన్ దాదాపు 200 హార్స్‌పవర్ ఇస్తుంది. ఏరియల్ ఆటమ్‌కీ ఆ ఇంజినే పెట్టారు. గేర్‌బాక్సుతో కలిపి 2,000 పౌండ్లకు దొరుకుతోందని చెబితే మా ఆవిడ, "ఇంజిన్ సంగతి సరేనండీ, కారు కదిలేసరికి ఎంతవుతుందో చెప్పండి" అంది. కాగితం తీసి లెక్కేశాను. కొత్త మౌంటింగులు వెల్డింగ్ చేయించాలి, డ్రైవ్‌షాఫ్టులు కొలతకు చేయించాలి, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ అంటే ఈసీయూ వేరేది, కొత్త వైరింగ్, ఎగ్జాస్టు కావాలి. 4,500 దాటింది. పైగా ఇన్సూరెన్సు ఏటా ఎక్కువే కట్టాలి.

ఫోర్డ్ జెటెక్ చవక, మొండిది కూడా. కానీ దాని బ్లాకు పోత ఇనుము. ఇంత తేలిక కారుకి వెనక ఆ బరువు నాకు నచ్చలేదు. సుజుకి హయబుసా లాంటి బైకు ఇంజిన్‌కి రివర్సు గేరు ఉండదు, దాన్ని విడిగా అమర్చాలంటే మళ్లీ ఖర్చే.

మిగిలింది రోవర్ కే సిరీస్. లిబ్రాని తయారుచేసిందే ఈ ఇంజిన్ కోసం కాబట్టి మౌంటింగులు సిద్ధంగా ఉన్నాయి. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం కావడంతో ఇంజిన్ చాలా తేలిక. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీజ్ నడిచింది కూడా 1.8 లీటర్ల కే సిరీస్‌తోనే. ఇంత మంచి ఇంజిన్ చవగ్గా దొరకడానికి కారణం హెడ్ గాస్కెట్ పోతుందన్న చెడ్డపేరు. ఆ పేరులో నిజముంది. హెడ్డు కదలకుండా పట్టే చిన్న డోవెల్స్ కొన్నేళ్లపాటు ప్లాస్టిక్‌వి వేశారు. ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు ఉన్న కార్లలో థర్మోస్టాట్ తెరుచుకోగానే పొడవాటి గొట్టాల్లోని చల్లటి నీళ్లు వేడెక్కిన ఇంజిన్‌లోకి ఒక్కసారిగా వచ్చిపడతాయి. స్టీలు డోవెల్స్, పలు పొరల స్టీలు గాస్కెట్, ఇంజిన్ బయట అమర్చే థర్మోస్టాట్ వేస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. టైమింగ్ బెల్టు, వాటర్ పంపుతో కలిపి వీటికి 420 పౌండ్లయింది. కొత్త గాస్కెట్ కోసం ముందే పెట్టిన ఈ డబ్బును నేను ఇంజిన్ ధరలోనే కలిపి చూశాను. అప్పుడు కూడా హోండా దరిదాపుల్లోకి రాలేదు.

విడి ఇంజిన్ కొనలేదు. పాత కార్లకు ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో తప్పిన, ఇదే కే సిరీస్ ఇంజిన్ ఉన్న ఎంజీ జెడ్ఆర్ 120 కారు మొత్తాన్ని 500కి కొన్నాను. ఇంజిన్, గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ, దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళంచెవి అన్నీ ఒకే కారువి. ఈసీయూకీ ఆ పెట్టెకీ జత కుదరకపోతే ఇంజిన్ స్టార్టే కాదు. తలుపులు, సీట్లు, చక్రాలు అమ్మితే 300 వెనక్కి వచ్చింది. కంపెనీ ఈసీయూ, క్యాటలిటిక్ కన్వర్టర్ అలాగే ఉంచినందువల్ల కొత్తగా కట్టిన కార్లకు తప్పనిసరి అయిన ఐవీఏ తనిఖీలో పొగ పరీక్షకు విడిగా ట్యూనింగ్ ఖర్చు పడలేదు.

టైర్లు, బ్రేకులు, రేడియేటర్, ఫీజులు అన్నీ కలిపితే మొత్తం 5,700. పవర్ 117 మాత్రమే, కానీ ఈ బరువుకి టన్నుకు సుమారు 160 హార్స్‌పవర్ పడుతుంది. వంపుల రోడ్డు మీద అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

మీరూ కట్టాలనుకుంటే, చాసిస్ ఏ ఇంజిన్ కోసం తయారైందో ముందు కనుక్కోండి. ఆ ఇంజిన్ ఉన్న కారు మొత్తం కొనండి, డబ్బిచ్చే ముందు తాళంచెవి తిప్పి స్టార్ట్ చేయించి చూడండి.