ఏ కాలపు ఇంజను?

టపా రాసి చాలా రోజులైంది. రిలీజులు, ప్రొడక్షన్ ఇష్యూలు.. మామూలే. ఈసారి ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆర్నెల్లుగా నా శని ఆదివారాలన్నీ గంపలగూడెంలో ఒక జీపు కింద గడిచిపోయాయి.

మొదలెట్టింది మా అమెరికా టీములో ఒకాయన. పాత మజిల్ కారొకటి కొని బాగు చేయించుకుంటున్నాడు. స్టేటస్ కాల్ మొదలయ్యే ముందు రోజూ అదే గోల. "నంబర్స్ మ్యాచింగ్" అనే మాట ఆయన దగ్గరే విన్నా. కారు ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజనుతో వచ్చిందో అదే ఇంజను ఇప్పటికీ ఉండాలట. జనరల్ మోటార్స్ వాళ్ళు 1968 నుంచి బండి నంబరులో కొంత భాగాన్ని ఇంజను బ్లాకు మీద కూడా కొట్టారు కాబట్టి పోల్చి చూసుకోవడం తేలిక. అదే ఇంజను దొరక్కపోతే కనీసం ఆ ఏడాదిదీ ఆ రకందీ అయినా పెట్టాలి. అలా పెట్టినదాన్ని "పీరియడ్ కరెక్ట్" అంటారు.

ఇదంతా వింటుంటే నాకు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న జీపు గుర్తొచ్చింది.

అది 1968 మోడల్ మహీంద్రా, అంటే విల్లీస్ సీజే-3బీ. మా తాతయ్య 1974లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. పెట్రోలు బండి. 1991లో నాన్న ఆ ఇంజను తీసేసి, విజయవాడ ఆటోనగర్ నుంచి పాత డీజిలు ఇంజను తెచ్చి బిగించాడు. అప్పట్లో పెట్రోలుకీ డీజిలుకీ ధరలో చాలా తేడా. ఆ రోజుల్లో ఊళ్ళో సగం జీపులకి ఇదే ఆపరేషన్ జరిగిందట. పెట్రోలు ఇంజను ఏమైందని చిన్నప్పుడు అడిగితే నాన్న "అమ్మేశా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పొడిగించలేదు.

సరే, పాత ఇంజను పెట్టి తాతయ్య బండిని తాతయ్య బండిలా చేద్దాం అనుకున్నా. ఇంజనీరింగ్ చదివాం కదా, ఆ మాత్రం చెయ్యలేమా అని ధీమా. (మెకానికల్ కాదు లెండి, నవ్వకండి.)

ముందు ఏ ఇంజను కావాలో తెలియాలి. ఈ జీపు బోనెట్ మిగతా విల్లీస్ జీపులకంటే బాగా ఎత్తుగా ఉంటుంది. అది అందం కోసం కాదు. 1953లో ఈ మోడల్ తెచ్చినప్పుడు అందులో పెట్టిన హరికేన్ ఇంజను పాతదానికంటే పొడుగు, బోనెట్ కింద పట్టలేదు. అందుకని బోనెట్‌నే పైకి లేపారు. యుద్ధకాలపు జీపుల్లో ఉన్న గో-డెవిల్ ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులో పక్కనే ఉంటాయి. హరికేన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులోకి మారాయి, పొగ బయటికి పోయేవి మాత్రం కిందే ఉండిపోయాయి. దీన్నే ఎఫ్-హెడ్ అంటారు. రెండూ 134 ఘనపుటంగుళాలే, అంటే దాదాపు 2,200 సీసీ. కానీ విల్లీస్ లెక్కల్లో పాతది 60 హార్స్‌పవర్ ఇస్తే ఇది 75 ఇచ్చింది. గుర్తుపట్టడం చాలా సులువు. ఇంజను పైన రాకర్ కవర్ ఉండి, కార్బురేటర్ నేరుగా హెడ్డు మీద కూర్చుంటే హరికేన్. పైన చపాతీ పీటలా చదునుగా ఉంటే పాతది.

ఈ మాత్రం జ్ఞానంతో ఆటోనగర్ వెళ్ళా. ఒక షాపులో "ఒరిజినల్ హరికేనండీ, మీకోసమే దాచా" అని ఒకటి చూపించాడు. చూస్తే పైన చదునుగా ఉంది! ఇంకో చోట నిజంగానే ఎఫ్-హెడ్ దొరికింది. నంబరు ఉండాల్సింది బ్లాకు కుడివైపు ముందు పై మూలన, వాటర్ పంపు వెనకాల. అక్కడ గ్రైండింగ్ గీతలు, వాటి మీద కొత్తగా గుద్దిన అంకెలు. "నంబరుదేముందండీ, మీక్కావాల్సింది కొట్టిస్తాం" అన్నాడాయన, టీ తాగుతూ. దండం పెట్టి బయటపడ్డా. అది ఎవరి బండిలోంచి ఊడదీసిందో ఆయనకే తెలియాలి.

తిరువూరులో ఆ రోజు ఇంజను మార్చిన మేస్త్రి గారు ఇంకా ఉన్నారని అమ్మ చెప్పింది. వెళ్ళి కలిశా. ఆయన నా మొహం చూసి నవ్వి, "ఆటోనగర్ దాకా ఎందుకు బాబూ? మీ ఇంజను వినగడపలో మామిడి తోటలో ఉంటది చూడు" అన్నారు.

నిజంగానే ఉంది. నాన్న దగ్గర కొన్న రైతు దాన్ని ఇనుప చట్రానికి బిగించి, కట్టలేరు నీళ్ళు తోడుకోవడానికి వాడాడట. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదకి మార్చేవాడట. కరెంటు మోటారు వచ్చాక దాన్ని పాకలో వదిలేశారు. పైన గోనె సంచులు, కింద కోళ్ళు.

నంబరు తోమి చూస్తే చివరి అంకె 7. మా పాత ఆర్సీలో 1. నా గుండె జారిపోయింది. ఒక్క అంకె తేడా అంటే మన భాషలో చెక్‌సమ్ ఫెయిల్, డేటా చెల్లదు. మన ఇంజనేనా, ఇంకో జీపుదా? మేస్త్రి గారిది ముప్పై ఏళ్ళ నాటి జ్ఞాపకం, పొరబడి ఉండొచ్చుగా?

ఆ రాత్రి తాతయ్య ట్రంకు పెట్టె తెరిచా. 1974 నాటి బదిలీ కాగితాల మధ్య పల్చటి కాగితం ముక్క కనబడింది, దానిమీద పెన్సిల్ ప్రింటు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు తేలతాయి కదా, అదే. అందులో చివరి అంకె స్పష్టంగా 7. ఎవరో గుమాస్తా చేత్తో రాసేటప్పుడు 1 చేశాడన్నమాట. ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు. చేత్తో ఎక్కించిన డేటాని నమ్మకూడదు, సోర్సు చూడాలి అని రోజూ జూనియర్లకి చెప్పే నేను, ఆర్సీనే నమ్మేశాను!

ఇంక రిపేరు కథ. పిస్టన్లు పట్టేసి ఉన్నాయి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, రెండు వారాలు నానబెట్టాం. పదహారో రోజున హ్యాండిల్‌కి క్రాంకు అంగుళం కదిలింది. ఆ అంగుళానికి నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. విప్పి చూస్తే కిరసనాయిలు చేసిన నష్టం కనబడింది. అది పూర్తిగా మండక కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పల్చబడి బేరింగులు అరిగిపోతాయి. బోరు 30 థౌ పెంచి కొత్త పిస్టన్లు వేయించాం. క్రాంకు గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ షెల్లులు వేశాం. బ్లాకు మాత్రం ఎక్కడా పగల్లేదు.

వాల్వు గ్యాపుల దగ్గర నా పాండిత్యం బయటపడింది. ఎగ్జాస్ట్ ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానికే గ్యాపు ఎక్కువుండాలని వాదించా. ఈ ఇంజనుకి లెక్క తిరగబడింది. పైనున్న ఇన్‌లెట్‌కి 18 థౌ, కిందున్న ఎగ్జాస్ట్‌కి 16. మేస్త్రి గారు మాన్యువల్ కూడా తెరవకుండా చెప్పారు. ప్లగ్గు వైర్లు నేను 1-2-3-4 వరసలో పెట్టేస్తే ఫట్‌మని బాకా ఊదింది. 1-3-4-2కి మార్చాక రెండో తిప్పుకి అందుకుంది.

ఇంతవరకూ బానే ఉంది. అసలు సంగతి ఆ తర్వాతే. డీజిలు ఇంజను దించే రోజున అమ్మ అంది, "మీ నాన్న నిన్ను చదివించింది ఆ ఇంజనుతోనేరా."

నిజమే. మిర్చి బస్తాలు, పెళ్ళి బృందాలు, అర్ధరాత్రి తిరువూరు ఆస్పత్రికి పురిటి కేసులు.. అన్నీ దాంతోనే. నా హాస్టల్ ఫీజు కూడా. తాతయ్య పెట్రోలు ఇంజను నడిచింది పదిహేడేళ్ళు. నాన్న డీజిలు నడిచింది ముప్పై ఏళ్ళ పైన. మరి ఈ బండికి "కరెక్ట్" కాలం ఏది? గిట్‌లో మొదటి కమిట్ ఒక్కటే ఒరిజినల్, తర్వాతవన్నీ తప్పులు అని మనం అంటామా?

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్ళకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నంబరులో వీఏ అని ఉంటుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు. కానీ ఆ బండిని రోజువారీ పనులకి వాడకూడదు. ఈ మాట చెబితే నాన్న, "రోడ్డెక్కకూడదంటే అది బండేంటిరా, ఫొటో" అన్నాడు.

ఆ రోజే అడిగా, అప్పుడు ఎందుకమ్మేశావని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. డీజిలు ఇంజనుకి డబ్బు చాలక, పాతది అమ్మితే గానీ కొత్తది రాలేదట. తాతయ్య వారం రోజులు మాట్లాడలేదట. "తప్పు చేశాననుకోలేదు. కానీ మా నాన్నకి చెప్పి చెయ్యాల్సింది."

అందుకని నేను చెప్పే చేశాను. పెట్టమంటావా అని నాన్ననే అడిగా. "పెట్టు. నాది మాత్రం పాత సామాన్లోడికి వెయ్యకు" అన్నాడు. డీజిలు ఇంజను ఇప్పుడు షెడ్డులో స్టాండు మీద ఉంది. నెలకోసారి ఆయిలు పోసి చేత్తో తిప్పుతాం. వీఏ నంబరు వద్దనుకుని, మామూలు ఆర్సీలోనే ఇంజను మార్పు రాయించడానికి దరఖాస్తు పెట్టాం. అది చెయ్యకుండా తిప్పడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. మీలో ఎవరైనా ఇంజను మార్చే ఆలోచనలో ఉంటే ముందు ఈ పని చూసుకోండి.

మా దగ్గరుంచుకోవడానికి పెన్సిల్ ప్రింటు మళ్ళీ తీశాం. కాగితం కదలకుండా నాన్న వేళ్ళతో పట్టుకున్నాడు, నేను పెన్సిల్ రుద్దా. ఒక్కో అంకే తేలింది. చివర్న 7.

దాన్ని ట్రంకు పెట్టెలో తాతయ్య కాగితం పక్కనే పెట్టా.