ఒక క్రీడా సంఘము – ఇద్దరు వారసులు

మా కళాశాల చరిత్ర తరగతిలో యూరపు ఖండపు ప్రాచీన విశ్వవిద్యాలయాల పేర్లు వల్లించవలసి వచ్చినప్పుడు బొలోనా, పారిస్, ఆక్స్‌ఫర్డ్‌ల తరువాత సాలమంకా అను పేరు వచ్చేది. స్పెయిను దేశము, 1218వ సంవత్సరము. అంతకు మించి ఆ ఊరిని గురించి మాకేమియు తెలియదు. తెలిసికొనవలెనన్న కోరికయు ఆనాడు లేదు. ఆ పేరు మరల మా చెవిని పడినది 2020 జనవరిలో. అదియును చదువు మూలమున కాదు, బంతి మూలమున.

మేమనగా ఏడుగురము. ఈ కళాశాలలో చదివిన కాలమున మొహల్లా మైదానములో ఒక ఫుట్‌బాల్ జట్టును నడిపిన వారము. ఆ జట్టు ఇప్పుడు లేదు. అయినను ఏడాదికి రెండు మూడు పర్యాయములు ఒక మిత్రుని డాబా మీద కలిసికొనుట మాకు అలవాటు. ఆ రాత్రి ఒకే ఫోను చుట్టూ మూగి, తెగి తెగి వచ్చు దృశ్యములలో మేము చూచినది స్పెయిను దేశపు రాజు పేరిట జరుగు కప్పు పోటీ. ఒక ప్రక్క రియల్ మాడ్రిడ్ వంటి మహాసంపన్నమైన జట్టు. రెండవ ప్రక్క యూనియనిస్తాస్ దె సాలమంకా అను, మేమెన్నడును వినని జట్టు. ఆట జరుగుచున్నది పెద్ద క్రీడాంగణములో కాదు. పరుగు పందెముల బాట చుట్టిన సాధారణ మైదానములో, అప్పటికప్పుడు అమర్చిన మెట్ల నడుమ. ఆ ఆటస్థలము ప్రక్కనే పదునేడు వేల మంది కూర్చుండగల ఒక విశాలమైన క్రీడాంగణము ఉన్నదని తరువాత చదివి మేము విస్తుపోయితిమి. ఇంటి ప్రక్కనే కోట యుండగా వీరు పాకలో విందు చేయుట యేమి? ఆ ప్రశ్నయే మమ్ములను ఈ కథలోనికి లాగినది.

సాలమంకాకు ఫుట్‌బాల్ ఆటను అక్కడి ఐరిష్ కళాశాలలో చదువుకొనుటకు వచ్చిన విద్యార్థులు తెచ్చిరని చెప్పుకొందురు. విద్యార్థుల ఊరికి విద్యార్థుల ద్వారా ఆట వచ్చుట సహజమే. 1923లో యూనియన్ దెపోర్తివా సాలమంకా అను సంఘము స్థాపితమైనది. తెల్లని చొక్కా, నల్లని నిక్కరు. యాభై ఏండ్లపాటు అది పెద్ద పేరు గడించినది కాదు. క్రింది శ్రేణుల మధ్యనే ఎక్కుచు దిగుచు కాలము వెళ్ళబుచ్చినది. 1970 ఏప్రిల్‌లో నగర సరిహద్దులో విల్యారెస్ దె లా రేనా అను గ్రామము వద్ద కొత్త క్రీడాంగణమును ప్రారంభించి, నగరపు ప్రాచీన నామమైన హెల్మాంతికాను తలచి దానికి హెల్మాంతికో అని పేరు పెట్టిరి. ప్రారంభోత్సవమునకు పోర్చుగల్ నుండి లిస్బన్ స్పోర్టింగ్ జట్టు వచ్చినది. ఆట గోళ్ళు లేకుండగనే ముగిసినది.

అసలు వైభవము అటుపిమ్మట వచ్చినది. గార్సియా ట్రైద్ అను శిక్షకుని చేతిలో జట్టు వరుసగా రెండు శ్రేణులు ఎక్కి, 1974లో తొలిసారి అగ్రశ్రేణిలో అడుగు పెట్టినది. అర్జెంటీనా నుండి వచ్చిన దలెస్సాంద్రో అను గోల్‌కీపరు అచ్చట ఏండ్ల తరబడి గోలు కాచినాడు. మొత్తము మీద ఆ సంఘము అగ్రశ్రేణిలో ఆడినది పన్నెండు సీజనులు. బార్సిలోనా, మాడ్రిడ్ వంటి మహానగరముల ముందు ఒక చిన్న విద్యానగరపు జట్టుకు అది అల్పమైన సంగతి కాదు.

మాలో ఒకడు గణాంకముల పిచ్చివాడు. అతడు 1995 నాటి కథను ఎన్నిసార్లు చెప్పినను మేము విసుగుకొనము. ఆ యేడు అగ్రశ్రేణిలో చోటు కొరకు సాలమంకా, అల్బసేతే జట్లు రెండు ఆటలలో తలపడినవి. స్వంత మైదానములో సాలమంకా 0–2 తేడాతో ఓడినది. ఇక ఆశ యెక్కడిది? కాని రెండవ ఆటలో, పరుల మైదానములో, అదనపు సమయము ముగియుసరికి 5–0తో గెలిచి అగ్రశ్రేణికి చేరినది. శిక్షకుడు హువాన్మా లిల్యో వయస్సు అప్పటికి ఇరువది తొమ్మిది మాత్రమే. అగ్రశ్రేణిలో మరుసటి యేడు నిలువలేకపోయిరి. అయినను 1997లో తిరిగి వచ్చి, ఆ సీజనులో విజేతగా నిలిచిన బార్సిలోనాను తమ ఇంట 4–3తోను, వారి ఇంట 4–1తోను ఓడించిరి. పోర్చుగల్ దేశపు పౌలేతా పేరు లోకమునకు తెలియకముందే సాలమంకా ప్రేక్షకులకు తెలిసినది.

1999లో అగ్రశ్రేణి నుండి జారిన పిదప సాలమంకా మరల అచ్చటికి చేరలేదు. 2011లో మూడవ శ్రేణికి పడినది. 2013 జూన్ 18న న్యాయస్థానము సంఘమును రద్దు చేయుచు ఉత్తర్వు ఇచ్చినది. అప్పటికి అప్పులు దాదాపు 2 కోట్ల 30 లక్షల యూరోలు. తొంబదవ పుట్టినరోజు జరిగిన యేడే మరణపత్రమును వ్రాసికొన్నట్లయినది.

ఇచ్చట ఒక చట్టమును గురించి చెప్పక తప్పదు. 1990లో స్పెయిను క్రీడాచట్టము వృత్తిస్థాయి ఫుట్‌బాల్ సంఘములన్నియు వాటాల కంపెనీలుగా మారవలెనని విధించినది. అంతకు పూర్వము సంఘము సభ్యులది. చందా కట్టినవాడు యజమాని. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావ్, ఒసాసునా అను నాలుగింటికి మాత్రము మినహాయింపు లభించినది. అప్పుల రోగమునకు మందుగా వచ్చిన ఆ చట్టము రోగమును మాన్పలేదు. సరికదా, రోగిని సభ్యుల చేతినుండి తప్పించినది. 2000లో మెరిదా, 2009లో లొగ్రోన్యెస్, 2013లో సాలమంకా. పేరున్న సంఘములే ఒకదాని వెంట ఒకటి కనుమరుగైనవి. కంపెనీ మూతపడినచో వాటాదారుడు నష్టపోవును, అప్పులిచ్చినవాడు నష్టపోవును. తండ్రి భుజముల మీద కూర్చుండి తొలి ఆట చూచినవాని నష్టమును ఏ ఖాతాలో వ్రాయవలెను? న్యాయస్థానము దగ్గర అట్టి ఖాతా లేదు.

సాలమంకాలో అటుపిమ్మట జరిగినది తక్కిన ఊళ్ళలో కన్న చిత్రమైనది. రద్దయిన రెండు నెలలకే, 2013 ఆగస్టులో, అభిమానులు కొందరు కూడి యూనియనిస్తాస్ అను సంఘమును నెలకొల్పిరి. ఒక్కొక్క సభ్యునికి ఒక్క ఓటు. సంపన్నుడైనను విద్యార్థియైనను అంతే. మా మనస్సును మిక్కిలి ఆకర్షించినది మరొకటి. తామే పాత సంఘమని వారు చెప్పుకొనలేదు. పాత సంఘము పోయినది, దాని గెలుపులు దానివే, మాది దానికి నివాళి అనిరి. 2014లో జిల్లాస్థాయి పోటీలలో, అనగా ఆరవ శ్రేణి నుండి, ఆట మొదలుపెట్టిరి. 2015, 2016, 2018లలో మెట్టు మెట్టుగా ఎక్కి మూడవ శ్రేణికి చేరిరి. 2010లో స్పెయినుకు ప్రపంచకప్పు గెలిపించిన విసెంతె దెల్ బొస్కే సాలమంకా బిడ్డ. ఆయన కూడ ఈ సంఘములో సభ్యుడే.

రెండవ వారసుని కథ వేరు. పాత సంఘమునకు సాల్మంతీనో అను అనుబంధ జట్టు ఒకటి యుండెడిది. తల్లి సంఘము పోయినను పిల్ల మిగిలినది. మెక్సికో దేశపు వ్యాపారి మాన్యుయెల్ లొవాతో దానిని తన చేతిలోనికి తీసికొన్నాడు. కాలక్రమమున దాని పేరు సాలమంకా సి.ఎఫ్. యు.డి.ఎస్.గా మారినది. హెల్మాంతికో క్రీడాంగణములో ఆడునది ఈ జట్టే. 2018లో ఇదియు మూడవ శ్రేణికి ఎక్కినది. అదే యేడు, అదే శ్రేణి, అదే విభాగము! ఒకే ఊరి రెండు జట్లు, ఒకే చచ్చిన తల్లి పేరు చెప్పుకొని ఎదురెదురుగా నిలిచినవి.

డాబా మీద మేమును రెండు పక్షములుగా చీలితిమి. మాలో నలుగురు యూనియనిస్తాస్ పక్షము. గోడలు సంఘము కావు, రంగులు సంఘము కావు, ఓటు వేయగల మనుష్యులే సంఘమని వారి వాదము. ముగ్గురు ఒప్పుకొనలేదు. తాత కూర్చున్న మెట్టు మీదనే మనుమడు కూర్చుండవలెనని కోరుట తప్పా? మైదానమును బీడు పడనీయక ఎవడో ఒకడు దీపము వెలిగించినాడు కదా అని వీరు అడిగిరి. వ్యాపారి డబ్బు అనగానే ముఖము చిట్లించుట సులభమే. గడ్డి కోయించుటకు కూడ డబ్బు కావలెనని ఒకప్పుడు జట్టును నడిపిన వారికి తెలియును. ఇప్పటికిని మా నిర్ణయము నాలుగు–మూడుగానే యున్నది.

సాలమంకా విశ్వవిద్యాలయములో ఒక ఐతిహ్యము కలదు. పదునారవ శతాబ్దిలో ఫ్రై లూయిస్ దె లెయోన్ అను ఆచార్యుడు మత విచారణకు గురియై కొన్ని ఏండ్లు కారాగారమున గడిపి వచ్చి, తరగతిలో నిలబడి, నిన్నటి పాఠము ఆగిన చోటు నుండియే అన్నట్లు మాట మొదలుపెట్టెనట. గొప్ప ధీమా! కాని జట్టు విషయములో ఆ సౌకర్యము లేదు. ఆగిన చోటు నుండి మొదలుపెట్టుటకు సమాఖ్య ఒప్పుకొనదు. ఆరవ శ్రేణికి పోయి, జిల్లా మైదానపు దుమ్ములో మొదలుపెట్టవలసినదే. మాకు ఆ దుమ్ము తెలియును.

తరువాతి కాలమున యూనియనిస్తాస్ 2020లో రేనా సోఫియా అను స్వంత మైదానమునకు మారిరి. 2024 జనవరిలో అగ్రశ్రేణికి చెందిన విల్యారియల్ వారి మీదికి వచ్చినది. ఆట నడుమ దీపములు ఆరిపోయినవి. మిగిలిన ఆటను మరునాడు ఆడించిరి. పెనాల్టీలలో యూనియనిస్తాస్ గెలిచిరి. ఆ వెనుక బార్సిలోనా వచ్చినది. మొదటి గోలు చేసినది యూనియనిస్తాస్‌ వారే, ఓడినది 1–3తో. 2020లో రియల్ మాడ్రిడ్ చేతిలోను అదే లెక్క. ఆ రాత్రి రొమెరో గోలు చేసి 1–1 చేసినప్పుడు మేము అరచిన అరపునకు క్రింది ఇంటివారు లేచి వచ్చి చీవాట్లు పెట్టిరి.

మన హైదరాబాదునకు ఇట్టి కథలు కొత్త కావు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టును గురించి మా పెద్దలు కథలు కథలుగా చెప్పెడివారు. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబ్ కూడ ఒక ఉపాధ్యాయుడే. 2019లో పుణె నగరపు జట్టు మూతపడగా దాని స్థానములో హైదరాబాదు పేరిట ఒక జట్టు ఏర్పడినది. స్పెయిను దేశస్థుడైన మార్కెస్ శిక్షణలో 2022లో దేశపు లీగును గెలిచినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది, పేరుతో సహా మారినది. గచ్చిబౌలిలో మేము కూర్చున్న కుర్చీలు మాత్రము అచ్చటనే యున్నవి.

ఇంతగా వ్రాయుటకు కారణము వేరొకటి కలదు. గత వేసవిలో ఈ కళాశాల విద్యార్థులు కొందరు డాబా మీదికి వచ్చి, మా పాత జట్టు పేరు తమకిమ్మని అడిగిరి. "భాయీ, పేరొక్కటి ఇవ్వండి చాలు, మిగతాది మేము చూసుకుంటాము" అన్నాడు వారిలో పెద్దవాడు. సాలమంకా కొరకు అంత సులభముగా వాదించిన మాకు ఒక్కసారిగా నోట మాట రాలేదు. పేరు ఇచ్చుటకు అది మాదేనా? ఆ పేరు మీద పదునొకండేండ్లు ఆడితిమి. ఆ పేరు మీదనే అప్పు చేసి, మైదానములో కట్టడములు లేవగానే ఎవరి దారిని వారము పోతిమి. కోశాధికారి ఇంట ఖాతా పుస్తకము ఇంకను ఉన్నది. అందులో మోచీ తాతకు బూట్ల బాగు నిమిత్తము ఇవ్వవలసినది 1,140 రూపాయలు. ఇచ్చినట్లు ఎచ్చటను వ్రాసి లేదు. న్యాయస్థానము రద్దు చేయలేదు కనుక ఆ అప్పు రద్దు కాలేదు.

ఈసారి నాలుగు–మూడు కాలేదు. పేరు సంగతి తరువాత, ముందు లెక్క సంగతి అని ఏడుగురము ఒప్పుకొంటిమి. ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని మరునాటి సాయంకాలము సందు మొగన కూర్చుండు మోచీ తాత వద్దకు పోతిమి. ఆయనకు చూపు మందగించినది కాని మమ్ములను గొంతును బట్టి పోల్చినాడు. డబ్బు తీసికొని, రెండుసార్లు లెక్కబెట్టి, "ఇంకా అరవై రావాలి. ఆఖరి జత మీరు రాసుకోలేదు" అన్నాడు. అరువది ఇచ్చితిమి. అప్పుడు పెట్టె అడుగున వెదకి, తాడుతో కట్టిన ఒక బూట్ల జతను తీసి ముందు పెట్టినాడు. కొత్త మేకులు కొట్టి సిద్ధము చేసి యుంచినవి. తోలు ఎండి బిగిసినది. పిల్లవాడు చెప్పులు విడిచి వాటిలో కాలు పెట్టి చూచినాడు. ఎనిమిదవ నెంబరు బూటు. వాని కాలు ఆరు.

"ముందు గుడ్డలు కుక్కుకో బేటా" అన్నాడు తాత.